హాస్టలు గదుల్లో గాలి తగాదా



పోయిన సంవత్సరం ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు మా అక్క కొడుకు ఫోను చేశాడు. సరిహద్దుకు అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. హాస్టల్లో ఉంటాడు. స్కాలర్‌షిప్పు రెన్యువలు దరఖాస్తుకు ఆ రాత్రి పన్నెండింటితో గడువు తీరిపోతుంది. "మామా, సాయంత్రం ఏడింటినుంచి కూచోనుండాను. పేజీ సగం దాకా వస్తుంది, సర్టిఫికెట్టు ఎక్కించబోతే నిలబడిపోతుంది" అన్నాడు. ఫోను డేటాతో చూడరా అన్నాను. మాట్లాడటానికే వరండా చివరికి రావాల్సి వచ్చిందనీ, అక్కడ కూడా సిగ్నలు ఒక గీతకు మించి లేదనీ చెప్పాడు. మేడ మీదికి వెళ్దామంటే పదింటికే తాళం వేసేశారట. పన్నెండు దాటింది. దరఖాస్తు పోలేదు.

ఆ స్కాలర్‌షిప్పు వాడి ఏడాది ఫీజులో సగం పైన. మా బావ హోసూరు దగ్గర కూరగాయలు పండించి బతికే మనిషి. టొమాటో ధర ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మర్నాడు శనివారం. నేనే వెళ్ళాను. వార్డెన్ గారిని కలిస్తే, "మీ పిల్లలే సార్, గదికొక రూటరు తెచ్చి పెట్టుకుంటున్నారు, కాలేజీ వైఫై పనిచేయక చస్తోంది" అన్నారు. పిల్లల్ని అడిగితే, "కాలేజీ వైఫై పనిచేయకనే కదా సార్ మేము రూటర్లు తెచ్చుకునింది" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది వ్యవహారం.

నేను సైన్సు మాస్టరును కాను. తెలుగూ సోషలూ చెప్పేవాణ్ణి. ఏ తగాదా చూసినా ఇది ఎప్పుడు మొదలైందని వెనక్కి తవ్వడం నాకు అలవాటు. తవ్వుకుంటూ పోతే, కాలేజీ హాస్టలు గదుల్లో ఈ గాలి తగాదాకు తొంభై ఏళ్ళ చరిత్ర ఉందని తేలింది. ఆ చరిత్రే ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

మీలో నా వయసువాళ్ళకు, నాకంటే పెద్దవాళ్ళకు రాత్రిపూట మీడియం వేవ్ విన్న అనుభవం ఉండే ఉంటుంది. పగలంతా కడప కేంద్రం ఒక మోస్తరుగా వినిపించేది. పొద్దు గూకిందంటే చాలు, ఎక్కడెక్కడి కేంద్రాలో మీద పడేవి. ఒక పక్క తమిళ వార్తలు, మరో పక్క కన్నడ నాటకం, ఈ రెండింటి నడుమ ఈలపాట లాగా ఒక కూత. కారణం ఆకాశంలోనే ఉంది. పగటిపూట పైన ఉండే ఒక పొర ఈ తరంగాలను మింగేస్తుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర పలచబడి, దానికి పైనున్న పొర అద్దం లాగా తరంగాలను కిందికి తిప్పి కొడుతుంది. అందుకని దూరపు కేంద్రం దగ్గరి కేంద్రంతో పోటీకి వస్తుంది. మా నాయన రేడియోను మంచం కోడుకు ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి, ఎక్కడో ఒక మూల తెలుగు మాట దొరికితే "కదిలించొద్దు" అని అందరినీ గదిమేవాడు.

ఆ రేడియోకు ఒక లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటేటా పోస్టాఫీసులో డబ్బు కట్టి, ముద్ర వేయించుకోవాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. 1980లలో రేడియో వినడానికి లైసెన్సు తీసేశారు. ఆ పుస్తకం మాత్రం మా ఇంట్లో బీరువాలో ఇంకా ఉంది. మా అక్క కొడుకు దాన్ని చూసి, "రేడియో వినడానికి కూడా డబ్బు కట్టేవాళ్ళా మామా?" అని ఆశ్చర్యపోయాడు.

వినడానికి డబ్బు కట్టించుకోవడం సర్కారు రాబడి సంగతి. ప్రసారం చేయడానికి లైసెన్సు పెట్టడానికి మాత్రం వేరే కారణం ఉంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి అట్లాంటిక్ సముద్రంలో టైటానిక్ ఓడకు కొంత దూరంలో కాలిఫోర్నియన్ అనే మరో ఓడ మంచు మధ్య ఆగి ఉంది. దానిలోని వైర్‌లెస్ మనిషి, ఇక్కడ మంచు ఉంది జాగ్రత్త అని చెప్పబోయాడు. అప్పుడు టైటానిక్‌లోని వైర్‌లెస్ మనిషి ప్రయాణికుల తంతులను దూరాన ఉన్న కేప్ రేస్ అనే చోటికి పంపే పనిలో మునిగి ఉన్నాడు. పక్క ఓడ సిగ్నలు చెవులు పగిలేలా వచ్చి మీద పడేసరికి, నోరు మూసుకో అని కసిరాడు. ఆ కాలపు పరికరాలు నిప్పురవ్వతో పనిచేసేవి. ఒక సన్నని గీతలో మాట్లాడటం వాటికి చేతకాదు, నలుదిక్కులా చిందేవి. అటు మనిషి కాసేపు చూసి, యంత్రం కట్టేసి పడుకున్నాడు. కొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండకు తగిలింది.

అదే సంవత్సరం అమెరికా రేడియో చట్టం చేసింది. ప్రసారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, సరదాగా చేసేవాళ్ళు ఫలానా హద్దులో ఉండాలి అని. తరువాత ప్రపంచమంతా ఇదే పద్ధతి. గాలిని పొలంలా కొలిచి, గట్లు వేసి, ఎవరి మడి వాళ్ళకు పట్టా రాసివ్వడం.

మరి మన ఇంట్లో వైఫై పెట్టెకు ఎవరమైనా పట్టా తీసుకున్నామా? లేదు. అది కూడా ప్రసారం చేసే యంత్రమే. ఈ మినహాయింపు ఎక్కడినుంచి వచ్చిందని చూస్తే, కథ మళ్ళీ హాస్టలు గదికే వస్తుంది.

1936లో అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ అబ్రహాం, డేవిడ్ బోర్స్ట్ అని ఇద్దరు విద్యార్థులు ఉండేవారు. హాస్టలు గదిలో ఒక చిన్న ప్రసార యంత్రం అమర్చారు. దాని శక్తి చాలా తక్కువ. గాలిలో వదిలేస్తే చట్టం ఒప్పుకోదు కాబట్టి తీగల మీద ప్రసారం పంపారు. తీగకు దగ్గరగా ఉన్న రేడియోల్లో మాత్రమే వినిపిస్తుంది, వీధిలోకి రాదు. పాటలు, కబుర్లు, కాలేజీ సంగతులు హాస్టలు గదుల్లోని మామూలు రేడియోల్లోనే వినబడేసరికి పిల్లలకు ఎంత సంబరమై ఉంటుందో ఊహించుకోండి. దానికి బ్రౌన్ నెట్‌వర్క్ అని పేరు పెట్టుకున్నారు. ఇతర కాలేజీలవాళ్ళు చూసి వాళ్ళూ మొదలుపెట్టారు. 1940 నాటికి వాళ్ళంతా కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. హాస్టల్లో నెట్‌వర్కు అనే మాటకు ఇంత వయసుందని నేను అనుకోలేదు.

ఇలాంటి చిన్న యంత్రాలు అప్పటికే బజారులోకి కూడా వస్తున్నాయి. రికార్డు ప్లేయరునుంచి రేడియోకు తీగ లేకుండా పాట పంపేవి ఉండేవి. రేడియోను దూరాన్నుంచి తిప్పే పెట్టెలూ ఉండేవి. వీటన్నిటికీ లైసెన్సులు ఇవ్వాలంటే ఆఫీసులు చాలవు. అందుకని అక్కడి సమాచార కమిషన్ 1938లో ఒక నియమం పెట్టింది. యంత్రంనుంచి ఒక నిర్ణీత దూరం పోయేసరికి సిగ్నలు మీటరుకు 15 మైక్రోవోల్టులకు మించకూడదు. మించకపోతే లైసెన్సు అక్కరలేదు. ఆ దూరం 1000 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్కగడితే 157 అడుగులు. ఇంచుమించు ఒక హాస్టలు భవనం పొడుగు! నీ ఇంట్లో నువ్వు ఏం చేసుకున్నా సరే, పక్కవాడి రేడియోలో నీ గరగర వినిపించకూడదు, పక్కవాడి గరగర నీకు వినిపిస్తే నువ్వు ఫిర్యాదు చేయకూడదు. లైసెన్సు లేని యంత్రాలకు అప్పటినుంచి ఇప్పటిదాకా స్థిరపడిన ధర్మం ఇదే. ఈ రెండో సగాన్ని జనం మరిచిపోయారు కాబట్టే తగాదాలన్నీ.

తరువాత యుద్ధం వచ్చింది, రాడార్ వచ్చింది. 1945లో రేథియాన్ అనే కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఆయన రాడార్ యంత్రం దగ్గర నిలబడి ఉండగా జేబులో మిఠాయి కరిగిపోయిందనీ, దానినుంచే మైక్రోవేవ్ పొయ్యి పుట్టిందనీ చెప్తారు. 1947లో అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూడి గాలిని మళ్ళీ పంచుకున్నప్పుడు, ఇలాంటి పొయ్యిలకు, ఫ్యాక్టరీ యంత్రాలకు, వైద్య పరికరాలకు కొన్ని తావులు విడిగా వదిలారు. 2450 మెగాహెర్ట్జ్ దగ్గరిది అందులో ఒకటి. ఊరి చివర చెత్త వేసుకోవడానికి వదిలిన పోరంబోకు లాంటిదన్నమాట. అక్కడ గోల చేసుకోవచ్చు, మాట్లాడుకోవడానికి ఎవరూ రారు అనుకున్నారు.

ఈలోగా హవాయి దీవుల్లో ఒక మంచి పని జరిగింది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ అనే ఆచార్యుడు, సముద్రపు అలల మీద పలక వేసి జారే ఆట అంటే ప్రాణం ఆయనకు, దీవి దీవికీ కంప్యూటర్లను రేడియోతో కలపాలనుకున్నాడు. ఆలోహా అని పేరు. 1971 జూన్‌లో పని మొదలుపెట్టింది. అంతవరకు అందరూ ఎవరికి ఎప్పుడు వంతు అని ముందే గట్లు వేసేవారు. ఈయన గట్లు తీసేశాడు. ఎవరికి చెప్పాల్సి వస్తే వాళ్ళు చెప్పేయండి. రెండు మాటలు ఒకేసారి వచ్చి ఢీకొంటే రెండూ పాడవుతాయి. ఫర్వాలేదు, ఎవరికి వారు కాసేపు, ఇంతసేపని నియమం లేకుండా ఆగి, మళ్ళీ చెప్పండి అన్నాడు.

మన వీధి కుళాయి గుర్తు తెచ్చుకోండి. రెండు బిందెలు ఒకేసారి తోస్తే రెండిట్లోనూ నీళ్ళు పడవు. ఒకరు కాస్త ఆగితే ఇద్దరికీ దొరుకుతాయి. అయితే బిందెలు తక్కువగా ఉన్నంతసేపే ఈ మర్యాద సాగుతుంది. అబ్రామ్‌సన్ లెక్క ప్రకారం ఇలా ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్ళు మాట్లాడితే, గాలికున్న మొత్తం శక్తిలో 18 శాతానికి మించి పనికిరాదు. జనం అంతకంటే పెరిగితే ఢీకొనడాలే మిగులుతాయి, మాటలు పోవు. రాత్రి ఏడింటికి హాస్టల్లో జరిగేది సరిగ్గా ఈ జాతికి చెందిన సంగతే.

ఇప్పటి వైఫై ఆలోహాకు మనవడి వరస. ఇది కొంచెం బుద్ధిమంతుడు. మాట్లాడే ముందు చెవి ఒగ్గి వింటుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. దీనికి కావలసిన చోటు 1985 మే నెలలో దొరికింది. అమెరికా కమిషన్‌లో మైకేల్ మార్కస్ అనే ఇంజనీరు పట్టుపట్టి, ఆ పోరంబోకు తావుల్లో ఒక వాటు దాకా శక్తితో లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చని అనుమతి ఇప్పించాడు. గోలలో కూడా మాట వినిపించేలా సిగ్నలును వెడల్పుగా పరిచి పంపాలని షరతు. హెడీ లమార్ అనే సినిమా తార వైఫై కనిపెట్టిందని ఈమధ్య తరచుగా వింటున్నాం. 1942లో ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి సిగ్నలు గెంతుతూ పోయే పద్ధతికి పేటెంటు తీసుకున్న మాట వాస్తవం. అక్కడినుంచి వైఫై దాకా ఒకే గెంతు వేయడం మాత్రం అభిమానుల పని. 1997లో మొదటి ప్రమాణం వచ్చింది, వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11 అయింది, వైఫై అన్న పేరూ అప్పుడే పెట్టారు.

పెట్టె చవక కాగానే ముందుగా ఎక్కడికి పోయింది? కాలేజీలకు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కాలేజీ 2001 నాటికి తన 161 భవనాల్లో 476 పెట్టెలు బిగించింది. ఆ ఏడాది 11 వారాలపాటు అక్కడి ఆచార్యులు లెక్కలు తీశారు. లైబ్రరీలోనో తరగతి గదుల్లోనో వాడకం ఎక్కువ ఉంటుందని మనం అనుకుంటాం. తేలిందేమిటంటే అన్నిటికంటే ఎక్కువ వాడకం విద్యార్థులు నివసించే భవనాల్లోదే. అందులోనూ కొత్తగా చేరిన పిల్లలు ఉండే చోట్ల.

మూడేళ్ళు తిరగకుండా తగాదా బజారున పడింది. 2004లో, మన తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది చదువుకుంటున్న డాలస్ ప్రాంతంలో, టెక్సాస్ విశ్వవిద్యాలయపు డాలస్ శాఖలో. అక్కడి క్యాంపసులో విద్యార్థులుండే అపార్టుమెంట్లకు విశ్వవిద్యాలయం వైఫై ఏర్పాటు చేసింది. విద్యార్థుల సొంత పెట్టెలు దానికి అడ్డం వస్తున్నాయని చెప్పి, వాటిని వాడకూడదని ఆజ్ఞాపించింది. మా వార్డెన్ గారు చెప్పిన మాటే. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు కూడా.

అయితే ఆ ఏడాది జూన్‌లోనే కమిషన్ ఒక ప్రకటన చేసి ఉంది. లైసెన్సు లేని తావులో ఒకరి సిగ్నలు మరొకరికి అడ్డం వస్తే, ఆ తగవు తీర్చే అధికారం తమదే గాని ఇంటి యజమానిది కాదు, హోటలుది కాదు, విమానాశ్రయానిది కాదు, విశ్వవిద్యాలయానిదీ కాదు అని. భవనం నీదైతే కావచ్చు, గాలి నీది కాదు. విశ్వవిద్యాలయం చివరికి నిషేధాన్ని వెనక్కి తీసుకుంది. 2006లో బోస్టన్ విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ వైఫై గురించి ఇదే తీర్పు మళ్ళీ వచ్చింది. 2014లో నాష్‌విల్ పట్టణంలో మారియట్ నడిపే ఒక హోటల్లో అతిథుల హాట్‌స్పాట్లను కావాలని పడగొట్టినందుకు ఆరు లక్షల డాలర్లు కట్టించారు.

ఇది విని విద్యార్థులే గెలిచారని అనుకోవద్దు. ఈ రోజుకీ అక్కడి చాలా విశ్వవిద్యాలయాల హాస్టలు నిబంధనల్లో సొంత రూటరు తేవద్దని రాసే ఉంటుంది. గోడలోని కేబులు కాలేజీది కాబట్టి దానికి ఏం తగిలించాలో చెప్పే హక్కు వాళ్ళకు ఉంటుంది. ఆజ్ఞ చెల్లినా చెల్లకపోయినా, డాలస్‌లో ఆ పెట్టెలు ఒకదాన్నొకటి అడ్డుకోవడం మాత్రం ఆగదు కదా. చట్టం ఎవరి నోరు మూయించకూడదో చెప్పింది గాని, అందరూ ఒకేసారి అరిస్తే ఏం చేయాలో చెప్పలేదు.

మన దేశంలో 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న తావును లైసెన్సు లేకుండా తెరిచింది. 5 గిగాహెర్ట్జ్ వైపు ఇంటిలోపలి వాడకానికి మొదట కొంత, 2018 అక్టోబరులో ఆరుబయటికి కూడా పెద్ద భాగం తెరిచారు. 1933 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2005 ఉత్తర్వులో ఉన్న షరతులు చదివితే నాకు హాస్టలు గోడ మీద అంటించాలనిపించింది. ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, తనకు రక్షణ అడగకూడదు, తావు అందరితో పంచుకోవాలి. 1938 నాటి మాటే సముద్రాలు దాటి వచ్చింది.

ఇప్పుడు మా వాడి హాస్టలుకు వద్దాం. మూడో అంతస్తు వరండాలో నిలబడి, ఒక కుర్రవాడి ఫోనులో వైఫై పేర్లు చూపించే యాప్ తెరిపించాను. నలభైకి పైగా పేర్లు వచ్చాయి. మన హీరోల పేర్లు సగం. ప్రతి పెట్టె, ప్రతి హాట్‌స్పాటు ఎవరూ వాడకపోయినా సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నాను, నా పేరు ఇది" అని కేక వేస్తూ ఉంటుంది. ఊరికే తెరిచి పెట్టిన హాట్‌స్పాటు కూడా కుళాయి దగ్గర పెట్టిన ఖాళీ బిందే.

అంతకంటే ముఖ్యమైనది ఛానళ్ళ సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మనకు 1 నుంచి 13 దాకా ఛానళ్ళు కనిపిస్తాయి. కనిపించేవి 13 కాబట్టి తలా ఒకటి తీసుకుంటే సరిపోతుందని పిల్లలు అనుకున్నారు. ఎవరూ లేని 3, ఎవరూ లేని 8 అని వెతుక్కున్నారు. చిక్కు ఏమిటంటే ఛానల్ మధ్యకూ ఛానల్ మధ్యకూ దూరం 5 మెగాహెర్ట్జే. ఒక్కొక్క సిగ్నలు వెడల్పు మాత్రం 20కి పైన. కాబట్టి 1, 6, 11 అనే మూడే ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. పక్కవాడు కూడా 6లోనే ఉంటే నీ పెట్టె వాడి మాట వింటుంది, ఆగుతుంది, వంతు తీసుకుంటుంది. వాడు 8కి జరిగితే వాడి మాట నీకు అర్థం కాదు, ఈలపాటలా గరగరగా వచ్చి నీ మాటను చెడగొడుతుంది. మా నాయన రేడియోలో రెండు కేంద్రాల నడుమ వినిపించిన కూతకు ఇది చుట్టమే. దూరంగా జరిగామనుకుని వాళ్ళు మరింత చెడగొట్టుకున్నారు. ఒకే ఛానల్లో నలుగురు వంతులవారీగా మాట్లాడటమే మేలు.

కాలేజీ వాళ్ళ తప్పు లేదా అంటే, ఉంది. వాళ్ళ పెట్టెలు వరండా పొడుగునా, ఒకదానికొకటి ఎదురుగా, నిండు శక్తితో బిగించి ఉన్నాయి. మూడు పెట్టెలు ఒకే ఛానల్లో. సిగ్నలు రావడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడల్లా శక్తి పెంచుతూ పోయారట. శక్తి పెంచితే పెట్టె గొంతు దూరం పోతుంది, గదిలోని ఫోను గొంతు పెరగదు కదా. గదికీ పెట్టెకూ మధ్య ఇటుక గోడ, ఇనుప బీరువా, ఇనుప మంచాలు, మనుషులు. మనిషి ఒంట్లోని నీళ్ళు కూడా ఈ తరంగాన్ని మింగుతాయి. ఇంకొక సంగతి, ఆ చివరి గదివాడి ఫోను ఈ చివరి గదివాడికి వినిపించదు. ఇద్దరూ గాలి ఖాళీగా ఉందనుకుని ఒకేసారి మాట్లాడతారు. మధ్యలో ఉన్న పెట్టె దగ్గర రెండూ ఢీకొంటాయి. చెవి ఒగ్గి వినే బుద్ధిమంతుడు కూడా ఇక్కడ మోసపోతాడు.

ఆ వారమే మెస్ హాల్లో ఒక సాయంత్రం వార్డెన్ గారూ, కాలేజీ నెట్‌వర్కు చూసే ఆయనా, పిల్లలూ కూర్చున్నారు. తల్లిదండ్రుల తరఫున నేనూ ఇంకో ఇద్దరమూ. మొదటి అరగంట అరుపులే. ఒకాయన జామరు పెట్టించండి, పిల్లలు చక్కగా చదువుకుంటారు అన్నారు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామరు వాడటం నేరమని నెట్‌వర్కు ఆయన చెప్పేసరికి ఊరుకున్నారు. ఆ నెట్‌వర్కు ఆయన మంచివాడు. మూడేళ్ళుగా ఆయన చెప్తున్నది ఎవరూ వినలేదట. పెట్టెల్ని వరండానుంచి తీసి గదుల్లో, తక్కువ శక్తితో, 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టాలన్నారు. ఆ తరంగం గోడలు దాటి ఎక్కువ దూరం పోలేదు. ఇంట్లో అయితే అది లోపం, హాస్టల్లో అదే గుణం. పక్క గదిలోకి పోకపోతే పక్క గదితో తగాదా లేదు. 1938లో 157 అడుగులు కొలిచినవాళ్ళ ఆలోచనా ఇదేనని నాకు తోచింది. ఆ మాట చెప్తే ఆయన నవ్వారు.

కాలేజీ అలా చేస్తే తమ రూటర్లు తీసేస్తామని పిల్లలు ఒప్పుకున్నారు. అంతవరకు రూటర్లన్నీ 1, 6, 11లో మాత్రమే ఉంచాలి, హాట్‌స్పాటు పని కాగానే కట్టేయాలి, ఏ గది ఏ ఛానలో ఒక కాగితం మీద రాసి వరండాలో అంటించాలి. గడువు ఉన్న దరఖాస్తుల కోసం స్టడీ హాల్లో ఆరు కంప్యూటర్లు కేబులుతో ఉంచి, రాత్రి పన్నెండున్నర దాకా తెరవాలి. ఈ చివరి దానికి వార్డెన్ గారు ఒప్పుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

మా వాడి సంగతి అడుగుతారేమో. ప్రిన్సిపాలు గారి ఉత్తరం జతచేసి అర్జీ పెట్టాం. గడువు గడువేనని జవాబు వచ్చింది. ఆ ఏడాది స్కాలర్‌షిప్పు పోయింది. మా బావ రెండో పంట మీద తెచ్చిన అప్పుతో ఫీజు కట్టాడు. ఈ ఏడాది దరఖాస్తు మాత్రం వాడు గడువుకు పది రోజుల ముందే, పగటిపూట, స్టడీ హాల్లో కూర్చుని పంపాడు.

హాస్టల్లో మొదటి రెండు అంతస్తుల గదుల్లో కొత్త పెట్టెలు బిగించారు. మూడో అంతస్తువాళ్ళు ఇంకా కాగితం చూసుకుంటూనే నడుపుకుంటున్నారు.